రోము అల్లుళ్ళు

నమోదు 611

పాచితొట్లు కడిగాను. మూడో తొట్టి అడుగున మళ్ళీ జిగట పేరుకుంది, గోకితే గానీ వదల్లేదు. గాలి బాగుంది. గుమ్మటం బయట దుమ్ము లేస్తోంది, లోపల మనుషులు లేస్తున్నారు. ఈ రెండోదాన్ని కొలిచే ముల్లు లేదు కాబట్టి మాటల్లో రాస్తున్నాను.

గాలిగది లాగు, అంటే ఈ రోజువారీ నమోదు పుస్తకం, చేత్తోనే రాయాలని రూలు. ఒకప్పుడు యంత్రం అంతా బాగుందని చూపిస్తూనే ఒక పేటకి ఊపిరాడకుండా చేసిందట. రాయాలన్నారు గానీ ఎవరో ఒకరు చదవాలని ఎక్కడా అనలేదు. నేను ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ దీన్ని తెరిచి చూసిన మానవుడు లేడు. అందుకే ఇందులో తొట్ల సంగతీ రాస్తాను, ఇంటి సంగతీ రాస్తాను. నా పేరు తిరపతమ్మ. మోటుపల్లి గుండంలో అందరూ పీల్చేది ఈ పాచితో నేను వండిన గాలి. మా ముత్తాతలు భూమి మీద సముద్రపొడ్డున ఉన్న మోటుపల్లి నుంచి అంగారకుడి మీది ఈ గోతిలోకి వచ్చి పడ్డారు. ఊరు వదిలేశారు, పేరు తెచ్చుకున్నారు.

సాయంత్రం ప్రెసిడెంటు భావనారాయణ గారు అందర్నీ భోజనశాలకి పిలిచారు. పెద్దగుండంలో కూర్చుని మమ్మల్నందర్నీ ఏలే గ్రహమండలి ఒక ప్రకటన చేసిందట. ప్రాచీన సంతతి అని గుర్తింపు తెచ్చుకున్న గుండాలకి రెండో గుమ్మటం ఉచితంగా కట్టిస్తుందట. పక్కనున్న ఎర్రకోన వాళ్ళు తాము పిరమిడ్లు కట్టినవాళ్ళ మనవలమని రాసేసుకుని అప్పుడే పునాదులు తవ్విస్తున్నారు.

"ఎర్రకోనోళ్ళకే అంతుంటే మనకెంతుండాలి," అన్నారు ప్రెసిడెంటు గారు. మా ఊళ్ళో ఇది గట్టి వాదన కిందే లెక్క.

అప్పుడు హిస్టరీ మాస్టారు అగస్తేశ్వరరావు గారు లేచారు. ప్రెసిడెంటు గారింట్లో గాజుడబ్బాలో అరిగిపోయిన వెండి నాణెం ఒకటి ఉంది. దాని మీద ఎవరిదో తల. మోటుపల్లి ఇసుకలో దొరికిన ఆ నాణేన్ని వాళ్ళ ముత్తాత మొలకి కట్టుకుని ఇక్కడికి తెచ్చాడట. దాంతోపాటు వచ్చిన కథ కూడా అందరికీ తెలుసు. రెండు వేల ఏళ్ళ కింద రోము ఓడ ఒకటి తుఫానుకి మా తీరంలో విరిగింది. సైనికులు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు, చేపల పులుసు తిన్నారు, ఇక వెనక్కి పోలేదు. నా చిన్నప్పుడు ఈ కథలో ఓడ ఒకటే. ఇవాళ మాస్టారు చెప్పినప్పుడు పన్నెండు ఓడలయ్యాయి. సేనాపతితోపాటు ఆయన గుర్రం కూడా ఈదింది.

"కాబట్టి మనం రోమన్లం," అని ముగించారు మాస్టారు.

చప్పట్లతో భోజనశాల అదిరిపోయింది. తొట్లకి మేత వేసే వేళైందని నేను వచ్చేశాను. అన్ని చప్పట్లు కొడితే గాలి ఊరికే ఖర్చవుతుంది.

నమోదు 614

రెండో తొట్టికి గాలి లాగే ఫ్యాను గొట్టంలో అడ్డు పడిందని విప్పితే సగం దుప్పటి బయటపడింది. ఊళ్ళో మగవాళ్ళందరూ దుప్పట్లు భుజం మీదుగా కప్పుకుని తిరుగుతున్నారు. రోములో అలాగే కప్పుకునేవాళ్ళని మాస్టారు చెప్పారు. రోములో ఫ్యాన్లు ఉండేవి కావని చెప్పలేదు.

ఇవాళ ముక్కుల కమిటీ వేశారు. నాణెం మీది తలకున్న ముక్కుని బట్టి మాస్టారు ఒక తీగ వంచారు. అసలు ఆ నాణెం మీద ముక్కు సగం అరిగిపోయింది, మిగతా సగం మాస్టారు ఊహించారు. ఆ తీగ ఎవరి ముక్కుకి సరిపోతే వాళ్ళది రోము ఇల్లు, మిగతావన్నీ మామూలు ఇళ్ళు. ప్రెసిడెంటు గారి ముక్కుకి తీగ అతికినట్టు సరిపోయింది. ఆయన ముక్కు చూసి వంచిన తీగ సరిపోక ఏం చేస్తుంది.

మాది చప్పిడి ముక్కు. నాదీ, మా అమ్మాయి సువర్చలదీ చూసి, కమిటీ వాళ్ళు ఏదో చావు కబురు చెప్పినట్టు మెల్లిగా చెప్పారు. మా అల్లుడు ప్రభుదాసు ఇల్లరికపుటల్లుడు, బయటి తలుపు దగ్గర కాపలా ఉద్యోగం. "నా ముక్కు డ్యూటీలో ఉందండీ, రేపు కొలుసుకోండి," అని తప్పించుకున్నాడు. రాత్రి భోజనానికి రోము ఇళ్ళ వాళ్ళు ముందు బల్లల మీద, మేము వెనక. అందరికీ పెట్టింది అదే పాచి పచ్చడి.

నమోదు 619

గాలి బాగుంది. నాకే ఊపిరాడటం లేదు.

పొద్దున సువర్చల గాలిగదికి వచ్చి తలుపు మూసి, "అమ్మా, నాకు నెల తప్పింది," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈ మాట విని నేను ఎగిరి గంతెయ్యాలి. కుర్చీలో కూలబడ్డాను.

గుండంలో ఒకరు పోతేనే ఒకరు పుట్టాలి. పీల్చేవాళ్ళు ఎక్కువ కాకూడదని మండలి రూలు. పోయినవాళ్ళ చోటు ముందు వాళ్ళ బంధువులకి, బంధువులెవరూ లేకపోతే క్యూలో ఉన్నవాళ్ళకి. క్యూలో మా అమ్మాయి పేరు మూడోది. చోటు లేకుండా పుట్టిన బిడ్డని పెద్దగుండం పిల్లలశాలకి అప్పగించాలి. ఏడాదికోసారి గాజు అవతలి నుంచి చూడనిస్తారు. మా పక్క వాటాలో ముందూ వెనకా ఎవరూ లేని ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా సువర్చల చెవి అటు పోతుంది, వెంటనే చెంపలు వేసుకుంటుంది. నా కూతురు మంచిది. ఈ రూలు దాన్ని కూడా పాడు చేస్తోంది.

"రెండో గుమ్మటం వస్తే చోట్లు పెరుగుతాయంట కదమ్మా," అంది అది.

నిజమే. రెండో గుమ్మటం రావాలంటే మేము రోమన్లం కావాలి. ఇవాళ్టి నుంచి నేను కూడా రోమనునే. నా ముక్కు ఎలా ఉన్నా సరే.

నమోదు 625

మండలికి పంపే దరఖాస్తులో గాలి లెక్కలు కావాలంటే ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. అక్కడ ఎవరూ లెక్కల దగ్గరికి రాలేదు. వరస దగ్గర ఆగిపోయారు. ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే ఊరూ పేరూ అయ్యాక ఎలాగోలా వరస కలుపుకుంటాం కదా. మరి రోము మనకి ఏ వరస?

"వచ్చినోళ్ళు మగాళ్ళు. మన ఆడపిల్లల్ని చేసుకున్నారు. ఆ పిల్లలే మనం," అన్నారు మాస్టారు. "అంటే తండ్రి వైపు. రోము వాళ్ళు మనకి పాలివాళ్ళవుతారు."

ప్రెసిడెంటు గారి మొహం మాడిపోయింది. "పాలివాళ్ళా? ఏవండీ మాస్టారూ, పాలివాళ్ళంటే రేపు వాటా అడగరూ?"

ఏ ఇంట్లో చూసినా పాలివాళ్ళ తగాదా ఒకటి నలుగుతూనే ఉంటుంది. రెండు వేల ఏళ్ళ నాటి దాయాదులని కొత్తగా తెచ్చి నెత్తిన పెట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. మాస్టారు కాసేపు దుప్పటి సర్దుకుని, ఆడపిల్లల వైపు నుంచి లెక్క కట్టారు. మన పిల్లల్ని చేసుకున్నారు కాబట్టి రోము వాళ్ళు మనకి అల్లుళ్ళు. అల్లుడికి ఆస్తిలో వాటా ఉండదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"అల్లుళ్ళొస్తేనో?" అన్నాను నేను. ఇంట్లో అల్లుణ్ణి పెట్టుకున్నదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. మా వాడు ఏది పెడితే అది తింటాడు, అందరూ అలా ఉండరు.

"ఎవరొస్తారమ్మా. రోమెక్కడ, మనమెక్కడ," అని నవ్వారు ప్రెసిడెంటు గారు. దరఖాస్తు చివర కాస్త మనసుకి తగిలేలా ఏదైనా ఉండాలని ఆయనే చెప్పి రాయించారు: "మా అల్లుళ్ళకు మా ఇంట ఏనాడూ లోటు రానీయలేదు, రానీయబోము. వారు ఎప్పుడు వచ్చినా తలుపు తెరిచే ఉంటుంది." చదివి వినిపిస్తే ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. సంఖ్య బాగా కనిపించాలని మామూలు ఇళ్ళతో సహా అందరి చేతా వేలిముద్రలు వేయించారు. నేను గట్టిగా నొక్కి మరీ వేశాను.

నమోదు 650

గుర్తింపు వచ్చేసింది. మండలి యంత్రాలు వచ్చి గోతి అవతలి అంచున రెండో గుమ్మటం లేపుతున్నాయి. దానికి గాలి మేమే ఇవ్వాలి కాబట్టి పాత తొట్లలోంచి పాచి తీసి కొత్త తొట్లలో వేశాను. పాచికి వంశం పట్టింపు లేదు, వేసిన చోటల్లా పచ్చగా పట్టింది.

కొత్త గుమ్మటంలో నలభై చోట్లు. అవి అప్పుడే రోము ఇళ్ళు పంచేసుకున్నాయి. ఇంకా ఒక స్నానశాలకి, ఒక విగ్రహశాలకి కూడా స్థలం కేటాయించారు. మనిషికి రోజుకి చెంబుడు నీళ్ళిచ్చే ఊళ్ళో స్నానశాల. విగ్రహశాలలో మొదటి విగ్రహం ఎవరిదో చెప్పక్కర్లేదు, ఆయన నాలుగు రోజులుగా ముక్కు కనపడేలా పక్కకి తిరిగి నడుస్తున్నారు.

భావనారాయణ గారిని ఒంటరిగా పట్టుకుని అడిగాను. "అయ్యా, మా అమ్మాయికి ఒక్క చోటు. మీకు తెలియందేముంది."

"చూద్దాం తిరపతమ్మా. ముందు రోము ఇళ్ళ అవసరాలు కానీ."

"కాయితం మీద మా ముద్ర కూడా ఉందండీ."

"ముద్ర వేరు, ముక్కు వేరు," అన్నారాయన. అని, పోనీలే పాపం అన్నట్టు నా భుజం తట్టారు. ఆ చెయ్యి విరిచేద్దామన్నంత కోపం వచ్చింది. నమస్కారం పెట్టి వచ్చాను.

నమోదు 702

భోజనశాల తెర మీద మండలి కబురు వచ్చింది. తెర చదువుతుంటే పచ్చడి కలుపుకుంటున్న చేతులు కంచాల్లోనే ఆగిపోయాయి.

రోములో ఎండలకి నది ఇంకిపోయి చాలా పేటలు ఖాళీ చేయిస్తున్నారట. మా దరఖాస్తు నకలు అక్కడి అధికారులకి కూడా చేరిందట. అల్లుళ్ళకి తలుపు తెరిచే ఉంటుందని మేము రాసిన మాటని వాళ్ళు ఎంతో సంతోషంగా అందుకున్నారట. ఒక పేటలోని నలభై మంది మా గుండానికి బయల్దేరారట. కొత్త గుమ్మటంలోని నలభై చోట్లూ వాళ్ళ పేర్ల మీద రాసేశారట. ఇంతటి ఉదారతకి మండలి మమ్మల్ని అభినందిస్తోందట.

చదవడం అవగానే అందరూ ఒకేసారి మాట్లాడారు. నేను సువర్చల మొహం చూశాను. అది ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చేత్తో కంచంలో ఏమీ లేని చోట కలుపుతోంది.

నమోదు 808

వచ్చారు.

బయటి తలుపు దాటాక సామాను గది ఒకటుంది. జబ్బులేవీ లేవని తేలాక కూడా వాళ్ళని అందులోనే ఉంచారు. ఊరి తరఫున పలకరించడానికి ఒక్కరూ వెళ్ళలేదు. ప్రెసిడెంటు గారికి ఒంట్లో బాగాలేదు, మాస్టారికి నడుం పట్టేసింది. ప్రభుదాసు డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు.

"అత్తమ్మా, ఆళ్ళు గోడెంబడి వరసగా కూసున్నారు. దేన్నీ ముట్టుకోటల్లేదు. మంచినీళ్ళిస్తే ముందు పిల్లలకిచ్చి మిగిలింది తాగారు. ఒకామె దగ్గర తులసి లాంటి మొక్కుంది కుండీలో, దానిక్కూడా రెండు చుక్కలు పోసుద్ది. అత్తగారెవరు అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలవక నేను తలుపు తుడుచుకుంటా నిలబడ్డా."

గంపెడు పాచి అప్పడాలు వేయించుకుని వెళ్ళాను. వాళ్ళ పెద్దావిడ పేరు అస్సుంతా. డెబ్బై దాటి ఉంటుంది, ఎండిన కట్టెలా ఉంది. మెళ్ళో మాటని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే యంత్రం. దానికి తెలుగు ఏ కాలం వాళ్ళు నేర్పారో గానీ, ఆమె నోరు తెరిస్తే మా పూర్వీకులు లేచొచ్చినట్టుంది.

"మేము మీ జామాతలము," అంది యంత్రం. "ఆలస్యమునకు మన్నింపుడు. త్రోవ దూరము."

నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. రెండు వేల ఏళ్ళ ఆలస్యానికి ఆ ముసలమ్మ నిజంగానే సిగ్గుపడుతోంది. అప్పడం విరిచి నోట్లో పెట్టుకుని, మొహంలో ఏమీ కనపడనీయకుండా నమిలి మింగింది. పాచి అప్పడం మొదటిసారి తిన్నవాళ్ళెవరూ అంత మర్యాదగా మింగలేదు.

మా కాయితాన్ని వాళ్ళ పేటలో గోడకి అంటించారట. ఇళ్ళు ఖాళీ చేయమని చెప్పినవాళ్ళు బోలెడు మంది. "రండు అని పలికినది లోకమున మీరొక్కరే," అంది యంత్రం.

ఆ వాక్యం రాయించినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నా కూతురి కోసం ముద్ర వేశాను, వీళ్ళెవరో నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిశాక ఆమె మొహంలోకి చూడలేకపోయాను. మా అమ్మాయికి దక్కాల్సిన చోటు ఈ నలభై మందే ఆక్రమించారన్న కోపం కూడా లోపల అలాగే ఉంది. రెండూ కలిసి నన్ను తినేస్తున్నాయి.

నమోదు 809

మాస్టారి నడుం నయమైంది. తీగ పట్టుకుని సామాను గదికి వెళ్ళారు, ముక్కుల కమిటీ మొత్తం వెనకే.

ఆ తీగ నలభై మందిలో ఎవరికీ సరిపోలేదు. అస్సుంతాది నాకన్నా చప్పిడి ముక్కు. కొందరి తాతలు బంగాళాఖాతం వైపు నుంచి రోముకి పనికెళ్ళి అక్కడే స్థిరపడినవాళ్ళట, కొందరు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళట. ఒకాయన పేరు అబ్దుల్. ఆయన ఏడు తరాలుగా రోములో రొట్టెలు కాల్చినవాళ్ళ వంశం. మాస్టారు ఇవన్నీ విని తృప్తిగా తల ఊపారు.

సాయంత్రం భోజనశాలలో తీర్పు చెప్పారు. మనం రోమన్లమే, అందులో అనుమానం లేదు. ఈ వచ్చినవాళ్ళే రోమన్లు కారు. రోము నుంచి వచ్చినంత మాత్రాన రోమన్లయిపోరు.

"అందుకని," అని ప్రెసిడెంటు గారు అందుకున్నారు, "వీళ్ళు మా చుట్టాలు కారని ఇంటింటికీ ఒక ముద్ర వేసి మండలికి పంపుదాం. గుర్తింపు మనకే ఉంటది, గుమ్మటం మనకే ఉంటది. వాళ్ళు వచ్చిన ఓడ ఇంకా ఇక్కడే ఉంది, దాంట్లోనే పోతారు. కాకపోతే దరఖాస్తు మీద ముద్రేసిన ప్రతి ఇల్లూ ఇప్పుడు కూడా వెయ్యాలంట. ఒక్క ఇల్లు చుట్టరికం ఒప్పుకున్నా వాళ్ళని పంపటానికి లేదంట."

అని నా వైపు తిరిగారు. గొంతు తేనెలో ముంచారు. "తిరపతమ్మా, చోట్లు ఖాళీ అవగానే మొదటిది మీ సువర్చలకే. అందరి ముందూ చెబుతున్నా."

నమోదు 810

పొద్దున తొట్లు చూడకుండానే భోజనశాలకి వెళ్ళాను. ఈ లాగులో అబద్ధం రాయడం నాకు చేతకాదు. నేను ముద్ర వేద్దామనే వెళ్ళాను. నా కూతురి బిడ్డని గాజు అవతలి నుంచి చూడలేను. పరాయివాళ్ళు నలభై మంది ఏమైపోతారో అన్న బాధ ఉంది, కానీ అది నా కూతురంత బరువు లేదు.

అందరి ముద్రలూ అయిపోయాయి. క్యూలో సువర్చలకన్నా ముందున్న రెండిళ్ళ వాళ్ళు కూడా వేసేశారు. కాయితం అంటించిన పలక నా ముందుకొచ్చింది. వేలు సిరాలో పెట్టాను.

"అమ్మా, ఆగు," అంది సువర్చల. నెలలు నిండబోతున్న మనిషి బల్ల పట్టుకుని లేచింది. "ఆ ఓడలో ఆళ్ళు ఎక్కడికి పోతారు? ఆళ్ళూళ్ళో ఇళ్ళు లేవు. ఆళ్ళని తోసేసిన చోట్లో నా బిడ్డని పడుకోబెట్టి నేను జోల పాడాలా?"

"నీ బిడ్డ నీ దగ్గరుండాలంటే అంతేనే," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"పిల్లలశాలలో ఉన్నా బతికే ఉంటది కదమ్మా. ఆళ్ళు ఉండరు."

ప్రభుదాసు వెనక బల్ల దగ్గర నుంచి లేచొచ్చి దాని పక్కన నిలబడ్డాడు. తల దించుకుని ఏడుస్తున్నాడు. వాళ్ళిద్దరూ రాత్రే అనుకున్నారని అప్పుడర్థమైంది. నాకు చెప్పడానికి భయపడ్డారు. నన్ను చూసి నా పిల్లలు భయపడ్డారు.

సిరా వేలు చీర కొంగుకి తుడిచేశాను. "వాళ్ళు మా చుట్టాలే. మా ఇంటి అల్లుళ్ళు," అన్నాను. నేను గట్టిగానే అన్నాను, పలక పట్టుకున్నాయన ఉలిక్కిపడ్డాడు.

"ఏ లెక్కన తిరపతమ్మా," అన్నారు మాస్టారు, "మీది మామూలు ఇల్లు కదా."

"మీరు రాయించిన కాయితం లెక్కనే మాస్టారూ. ముద్ర ఉంది చూసుకోండి."

నా జీవితంలో అన్ని తిట్లు ఒక్కపూటలో ఎప్పుడూ తినలేదు. ఇంటికొచ్చి సువర్చల ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. పెద్దదాన్ని నేను, ఓదార్చింది అది.

నమోదు 812

రోము వాళ్ళు కొత్త గుమ్మటంలో దిగారు. మాతో ఊళ్ళో ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి మేము కూడా అక్కడే తిన్నాం. అబ్దుల్ మా పాచిపిండితో రొట్టెలు కాల్చాడు. పాచి అంత రుచిగా ఉంటుందని ఇన్నేళ్ళుగా నాకు తెలియదు, కోపం కూడా వచ్చింది.

అస్సుంతా అందరికీ కంచాలు పెట్టింది. తన పక్కన ఒక కంచం పెట్టింది, అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఎవరి కోసం అని అడిగాను. ఆమె సువర్చలని చూస్తూ ఉండిపోయింది. మా సంగతి ప్రభుదాసు వాళ్ళకి అప్పటికే చెప్పేశాడట, తలుపు దగ్గర వాడికి ఇంకేం పని.

తిన్నాక ఆమె మమ్మల్ని తన గదికి తీసుకెళ్ళింది. రవిక లోపలి నుంచి ఒక బిళ్ళ తీసింది. ప్రయాణం చేసే ప్రతి మనిషికీ మెళ్ళో ఒక బిళ్ళ కడతారు, తలుపు దగ్గర యంత్రం బిళ్ళల్నే లెక్కపెడుతుంది గానీ మనుషుల్ని కాదు. ఆమె బిళ్ళ ఆమె మెళ్ళోనే ఉంది. ఇది రెండోది.

"నా భర్త గేతానో," అంది యంత్రం. "త్రోవలో గతించెను. ఒకరు తగ్గినచో వ్యాధి యనుకొని అందరినీ వెనుకకు త్రిప్పుదురని చెప్పలేదు. పేరు పిలిచినపుడు నేనే పలికితిని. ఏడ్చినచో తెలియునని ఏడ్వలేదు."

ఆ బిళ్ళని సువర్చల చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఆయన పోయెనని ఇపుడు వ్రాయుడు."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. గుండంలో చోటున్నవాళ్ళెవరు పోయినా ఈ లాగులో పేరు ఎక్కి, ఆ ఒక్క పంక్తీ మండలికి పంపితేనే చోటు ఖాళీ అయినట్టు. పోయినవాళ్ళ చోటు ముందు బంధువులకి. నేను లాగు తెచ్చుకుని ఆమె ఎదురుగానే రాశాను: గేతానో, అస్సుంతా భర్త, ప్రయాణంలో పోయాడు. ఆయన చోటు ఖాళీ. బంధువులు: మా ఇల్లు.

కబురు మండలికి చేరేలోపే ఊరికి చేరింది. ప్రెసిడెంటు గారూ మాస్టారూ పరుగున వచ్చారు. క్యూలో ముందున్నవాళ్ళ సంగతేమిటని అడిగారు. చుట్టాలం కామని వాళ్ళు నిన్నగాక మొన్న ముద్ర వేశారు కదండీ అన్నాను. మాస్టారు గాల్లో ఏదో లెక్క కట్టడం మొదలుపెట్టారు. ప్రెసిడెంటు గారు దుప్పటి చంకలో ఇరికించుకుని, "అదికాదమ్మా, మనందరికీ వాళ్ళతో ఏదో ఒక వరస కలవకపోదు," అన్నారు.

"మీరూ రండి," అన్నాను. "మనిషి పోయాడు. చుట్టమైతే తలకి పోసుకోవాలి కదా."

తలస్నానం అంటే వారం నీళ్ళు ఒక్కసారే అయిపోతాయి. మళ్ళీ వారం వచ్చేదాకా గొంతు తడుపుకోవడానికి కూడా ఒకరి దగ్గర చెయ్యి చాచాలి. మాస్టారు మళ్ళీ నడుం పట్టుకున్నారు. ఇద్దరూ మెల్లిగా వెళ్ళిపోయారు.

నేను వారం నీళ్ళూ తెచ్చి కొత్త గుమ్మటం తొట్ల దగ్గర నెత్తిన కుమ్మరించుకున్నాను. సువర్చలకి రెండు గిన్నెలు పోశాను. ప్రభుదాసు తన పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. అస్సుంతా అయోమయంగా చూసింది, నీళ్ళు ఏల వృథా చేయుచున్నారని యంత్రం అడిగింది.

"మా ఇంటల్లుడు పోయాడమ్మా," అన్నాను. "తెలిశాక పోసుకోకపోతే ఎట్టా."

యంత్రం ఆ మాటని ఆమె భాషలో ఎలా చెప్పిందో నాకు తెలియదు. ముసలమ్మ నేల మీద కూలబడింది. ఓడలో అన్ని నెలలూ ఆపుకున్నదంతా అప్పుడు పెద్దగా ఏడ్చింది. నేను తడిబట్టలతోనే ఆమె పక్కన కూర్చున్నాను.